సగటుకు ఓటు లేదు: బెంగళూరులో ఎన్నికల పటాలు గీస్తున్న తెలుగు యువతకు బహిరంగ లేఖ

పిల్లలందరికీ నమస్కారం.

మీలో చాలామంది నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల వయసువారు. ఆ చనువుతోనే రాస్తున్నాను. పగలంతా కంపెనీ పని చేసి, రాత్రిళ్లు కూర్చుని జనగణన పట్టికలనూ ఎన్నికల ఫలితాలనూ జతచేసి మీరు గీసే పటాలను నేను శ్రద్ధగా చూస్తాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏ జిల్లా ఏ స్థితిలో ఉందో మన భాషలో చూపించే పనిని ఇంత ఓపికగా చేసేవాళ్లు తక్కువ. ముందుగా అందుకు మీకు ధన్యవాదాలు.

ఈ మధ్య మీరు విడుదల చేసిన మూడు పటాల వరుస మాత్రం నన్ను కలవరపెట్టింది. మొదటిది జిల్లాల అక్షరాస్యత, రెండోది తలసరి ఆదాయం, మూడోది గెలిచిన పార్టీ రంగు. చదువూ డబ్బూ ఉన్న ప్రాంతాలు ఒక విధంగా, లేని ప్రాంతాలు మరో విధంగా ఓటు వేస్తాయని వాటి కింద రాశారు. మీరు అంతటితో ఆపారు. మీ పటాలు అందుకున్నవాళ్లు ఆగలేదు. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి అవి చేరిన కాసేపటికే "చదువురానివాళ్ల ఓట్లకు మనం పన్నులు కడుతున్నాం" అన్నారొకరు. చదువుకున్నవాళ్ల ఓటుకు ఎక్కువ విలువ ఉండాలని మరొకరు అన్నారు. పదిమంది దాన్ని మెచ్చుకున్నారు. వాళ్లందరికీ ఆధారం మీ పటాలే. అందుకే ఈ లేఖ వాళ్లకు రాయకుండా మీకు రాస్తున్నాను.

నేను చిత్తూరు జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కల టీచరుగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో ఉన్న అందరిలాగే జనగణనకు ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగాను, ఎన్నికలప్పుడు పోలింగ్ కేంద్రంలో కూర్చున్నాను. పదవీ విరమణ తరువాత కృష్ణరాజపురంలో కూతురి దగ్గర ఉంటున్నాను. మీరు పటానికి ఎక్కించే అక్షరాస్యత అంకె, ఓటు అంకె రెండూ పుట్టే చోటును దగ్గరగా చూసినదాన్ని కాబట్టి, వాటితో ఏ మాట అనవచ్చో, ఏ మాట అనకూడదో చెప్పే బాధ్యత నాకుందనుకుంటున్నాను.

మీ వాక్యాన్ని ముందుగా మన జిల్లాల మీదే పరీక్షిద్దాం. 2011 జనగణన ప్రకారం, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో ఉన్న నాటి 13 జిల్లాల్లో అక్షరాస్యతలో మొదటిది పశ్చిమ గోదావరి, దాదాపు 75 శాతం. చివరిది విజయనగరం, 59 శాతం. ఒకటి కాలువల కింద రెండు పంటలు, చేపల చెరువులు ఉన్న సీమ. మరొకటి ఏటా కూలి పనుల కోసం ఊళ్లు ఖాళీ అయ్యే సీమ. మీరన్నదే నిజమైతే ఈ రెండూ వేర్వేరు దారులు పట్టాలి. 2019 శాసనసభ ఎన్నికల్లో విజయనగరంలోని 9 స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లాయి. పశ్చిమ గోదావరిలో 15కు 13 స్థానాలు అదే పార్టీకి వెళ్లాయి. 2024లో ఈ రెండు పాత జిల్లాల్లోని 24 స్థానాలూ తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమికి వచ్చాయి. మొదటి జిల్లా ఎటు తిరిగిందో చివరి జిల్లా అటే తిరిగింది, అదీ రెండుసార్లు.

ఇక మీరు ప్రత్యేకంగా ఎత్తిచూపిన కల్యాణ కర్ణాటక, అంటే ఆ రాష్ట్రపు ఈశాన్య జిల్లాలు. అక్కడి లోక్‌సభ స్థానాలు బీదర్, కలబురగి, రాయచూరు, కొప్పళ, బళ్లారి. కర్ణాటకలో అక్షరాస్యత అట్టడుగున ఉన్న యాదగిరి జిల్లా, 2011 నాటికి దాదాపు 52 శాతం, అక్కడిదే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఐదు స్థానాలనూ కాంగ్రెస్ గెలుచుకుంది. దాన్ని చూసి మీరు తీర్మానం చేశారు. మరి 2019లో? ఆ ఐదింటినీ బీజేపీ గెలిచింది. దశాబ్దాలుగా ఓటమి ఎరుగని మల్లికార్జున ఖర్గే కలబురగిలో ఓడిపోయింది ఆ ఎన్నికలోనే. తమిళనాడు చూడండి. 2014లో 39 లోక్‌సభ స్థానాల్లో 37 అన్నాడీఎంకేకు, 2019లో 38 డీఎంకే కూటమికి, 2024లో మొత్తం 39 అదే కూటమికి వచ్చాయి. ఈ ఎన్నికలన్నింటికీ మీ పటాల్లో ఉన్న అక్షరాస్యత అంకె ఒక్కటే, 2011 నాటిది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. కొత్త లెక్కకు ఆధార తేదీ 2027 మార్చి 1. కదలకుండా ఉన్న అంకె, కదిలిన ఫలితానికి కారణం ఎలా అవుతుందని తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగినా మీరు జవాబు చెప్పవలసి ఉంటుంది.

గెలుపు రంగు మారినా, ఎక్కువ తక్కువల వరుస మారకపోవచ్చు కదా అని మీలో ఎవరైనా అనవచ్చు. గాలి అన్నిచోట్లా ఒకేలా వీచినా, చదువు తక్కువున్న చోట ఒక పార్టీకి ఎప్పుడూ కాస్త ఎక్కువే పడుతుండవచ్చు. ఇది మంచి ప్రశ్న. కానీ దానికి జవాబు వెతకాలంటే గెలిచిన పార్టీ రంగు పక్కన పెట్టి ఓట్ల శాతాన్ని పటం మీద వేయాలి. మీరు ఆ పని చేయలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 స్థానాలే వచ్చాయి. ఓట్లు మాత్రం 39 శాతం దాటాయి. మీ పటంలో ఆ పదిమందిలో నలుగురు ఎక్కడా కనబడరు. కర్ణాటక శాసనసభకు 2018లో బీజేపీకి 36.35 శాతం ఓట్లు, 104 స్థానాలు. 2023లో 36 శాతం ఓట్లు, 66 స్థానాలు. ఆ పార్టీకి ఓటు వేసేవారి వాటా చెప్పుకోదగ్గంతగా కదలలేదు. జనతాదళ్ సెక్యులర్ ఓటు కొంత కరిగి కాంగ్రెస్ బలపడింది. మీ పటం మాత్రం జిల్లాలకు జిల్లాలు మనసు మార్చుకున్నట్టు చూపించింది.

మన ఊళ్లోనే జయనగర్ ఉంది. ప్రణాళిక వేసి కట్టిన పేట, చదువుకు, పుస్తకాల దుకాణాలకు పేరున్న ప్రాంతం. 2023లో అక్కడ గెలుపు తేడా 16 ఓట్లు. పటం మీద అదీ ఒకే రంగు ముద్ద. ఒకే వీధిలో, ఒకే చదువు చదివి, ఒకే రకం జీతం తెచ్చుకునే ఇళ్లు సగానికి సగం చీలిపోయాయంటే ఆదాయమూ చదువూ ఓటు గురించి ఎంతవరకు చెప్పగలవో మీరే ఆలోచించండి.

ఇప్పుడు అక్షరాస్యత అంకె ఎలా తయారవుతుందో చెబుతాను. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారు అక్షరాస్యులు. నిర్వచనం అంతే. ఎన్యూమరేటర్ గడప దగ్గర నిలబడి ఇంటి పెద్దను అడుగుతారు. ఆయన చెప్పింది రాసుకుంటారు. అందరి చేతా చదివించి చూసే సమయం ఎవరికీ ఉండదు. సంతకం నేర్చుకున్న అవ్వను ఒక ఇంట్లో చదువు వచ్చినట్టు చెబుతారు, మరో ఇంట్లో పేపరు చదివే కోడలిని "దానికేం వచ్చు" అని కొట్టిపారేస్తారు. కోడలిని పిలిచి మళ్లీ అడిగి సరిచేసుకున్న ఇళ్లు నాకు చాలా ఉన్నాయి. అయినా ఈ లోపాన్ని నేను పెద్దది చేయను. లక్షల ఇళ్ల మీద అది కొంత సర్దుకుంటుంది.

సర్దుకోనిది వేరే ఉంది. ఏడేళ్ల పిల్లవాడు ఆ అంకెలో ఉన్నాడు, ఓటర్ల జాబితాలో లేడు. మన పల్లెల్లో బడి మొన్నమొన్ననే అందరికీ అందింది. పిల్లలకు చదువు వచ్చింది, తాతలకు రాలేదు. అలాంటి జిల్లాలో 60 శాతం అక్షరాస్యత ఉందంటే ఓటు హక్కు ఉన్న పెద్దలలో అది అంతకంటే తక్కువ ఉంటుంది. బడి ఎన్నడో నిలదొక్కుకున్న జిల్లాలో ఈ తేడా చిన్నది. అంటే మీరు రెండు జిల్లాలను పోల్చినప్పుడు ఓటర్లను పోల్చడం లేదు, పిల్లలనూ కలిపిన జనాన్ని పోలుస్తున్నారు. పైగా జనగణనలో విద్యాస్థాయి పట్టికలు వయసు వారీగా ఉంటాయి. 18 ఏళ్లు దాటినవారిలో పదో తరగతి పూర్తిచేసినవారెందరో వాటి నుంచి తీయవచ్చు. మీ నైపుణ్యానికి అది ఒక సాయంత్రం పని. అది చేయకుండా అన్నింటికన్నా సులభంగా దొరికే అంకె తీసుకున్నారు.

తలసరి ఆదాయం సంగతి ఇంకా లోతుకు వెళ్లి చూడాలి, ఎందుకంటే అందులో మనమే ఉన్నాం.

జిల్లా తలసరి ఆదాయమంటే అక్కడి మనుషుల జేబుల్లోకి వచ్చిన డబ్బు కాదు. ఆ జిల్లాలో ఏడాదిలో తయారైన సరుకులకు, సేవలకు కట్టిన విలువను జనాభాతో భాగిస్తే వచ్చేది. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక గాజు భవనంలో జరిగిన పని విలువ బెంగళూరు అర్బన్ ఖాతాలో చేరుతుంది. దాని లాభం ఏ దేశంలోని వాటాదారుకు వెళ్లినా సరే, ఖాతా మాత్రం బెంగళూరుదే. ఆ భవనానికి కాపలా ఉండే మనిషి కదిరి నుంచి వచ్చాడనుకోండి. అతను నెలనెలా ఇంటికి పంపే డబ్బుతో అక్కడ బియ్యం కొంటారు, పిల్ల ఫీజు కడతారు. ఆ ఇల్లు నడుస్తున్నది బెంగళూరు డబ్బుతో. కానీ కదిరి ఉన్న జిల్లా ఆదాయంలో ఆ డబ్బు లేదు, ఎందుకంటే అది అక్కడ ఉత్పత్తి కాలేదు. బెంగళూరు సగటులో ఇతను ఐటీ మేనేజరుతో సమానంగా లక్షాధికారి. ఊళ్లో ఇతని కుటుంబం లెక్క ప్రకారం ఉన్నదానికన్నా పేదది. రెండు చోట్లా అబద్ధమే.

మనుషులు నిజంగా ఎలా బతుకుతున్నారో కొంత దగ్గరగా చూపేది గృహ వినియోగ వ్యయ సర్వే. 2022-23లో దాని ప్రకారం దేశంలో నెలకు తలసరి ఖర్చు గ్రామాల్లో సగటున 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు. అదీ ఖర్చును అడుగుతుంది, సంపాదనను కాదు. అయినా ఇళ్లకు వెళ్లి అడిగిన లెక్క కాబట్టి మీ పటానికి అదే నయం.

అసలు ప్రశ్న ఇది: బెంగళూరు ఆదాయంలో ఉన్నవాళ్లలో బెంగళూరులో ఓటు వేసేదెవరు? చిక్కపేట, బళేపేటల్లో తరాలుగా స్థిరపడి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఇక్కడే ఓటు వేస్తాయి. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ పీజీ హాస్టళ్లలో ఉండే మన పిల్లల్లో చాలామందికి ఓటు సొంత ఊళ్లోనే ఉంది. కట్టడాల పక్కన రేకుల షెడ్లలో ఉండే అనంతపురం, పాలమూరు, రాయచూరు కూలీలకూ అంతే. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మే 13న, సోమవారం జరిగింది. దానికి ముందు శని, ఆదివారాల్లో టిన్ ఫ్యాక్టరీ దగ్గర, హెబ్బాళలో బ్యాగులతో బస్సుల కోసం నిలబడ్డ జనంలో మీలో ఎందరో ఉండి ఉంటారు. మీ జీతం బెంగళూరు పటంలో ముదురు రంగు వేసింది. మీ ఓటు కర్నూలు పటంలో, ప్రొద్దుటూరు పటంలో పడింది. మీ డిగ్రీ, మీ చెల్లెలి డిగ్రీ ఏ జిల్లా చదువును పెంచాయో, ఏ జిల్లా ఓటును నిర్ణయించాయో మీ పటం చెప్పలేదు. పటం గీసిన మీరే దానికి చిక్కనప్పుడు ఇతరుల గురించి అది తీర్పు చెప్పడమెలా?

ప్రాంతపు సగటును మనిషికి అంటగడితే ఎంత తలకిందులవుతుందో 1950లోనే విలియం రాబిన్సన్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త చూపించాడు. మీరు కోర్సుల్లో చదివే ఉంటారు. 1930 నాటి అమెరికా జనగణనను తీసుకుని, విదేశాల్లో పుట్టినవారికీ నిరక్షరాస్యతకూ సంబంధమేమిటో చూశాడు. రాష్ట్రాల సగటులు పోలిస్తే సహసంబంధం, అంటే రెండు అంకెలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే కొలత, మైనస్ 0.53 వచ్చింది. విదేశాల నుంచి వచ్చినవారు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ అని దాని అర్థం. అదే లెక్క మనుషుల వారీగా చేస్తే ప్లస్ 0.12 వచ్చింది. విదేశాల నుంచి వచ్చినవారిలోనే నిరక్షరాస్యులు కొంచెం ఎక్కువ. అంకె పరిమాణమే కాదు, గుర్తే మారిపోయింది. కారణం సులువు. వలస వచ్చినవాళ్లు పని దొరికే రాష్ట్రాలకు వెళ్లారు. ఆ రాష్ట్రాల్లో స్థానికులు అప్పటికే బాగా చదువుకుని ఉన్నారు. బెంగళూరుకు వచ్చిన మన కూలీల కథ ఇదే కదా. జిల్లాల వారీగా వలస కూలీల వాటానూ తలసరి ఆదాయాన్నీ జతచేసి మీ పద్ధతిలో పటం వేయండి, వలస కూలీలు ఎంతో సంపన్నులని తేలుతుంది.

అమెరికాలో ఈ వాదం ఎన్నికల చుట్టూ బాగానే నడిచింది. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ సంపన్న రాష్ట్రాలు డెమోక్రాట్ల వైపు, పేద రాష్ట్రాలు రిపబ్లికన్ల వైపు మొగ్గాయి. రాష్ట్రాల లోపల చూస్తే డబ్బున్న ఓటరు రిపబ్లికన్ల వైపే ఎక్కువ మొగ్గాడు. ఆ తరువాతి ఎన్నికల్లో కళాశాల చదువు పెద్ద విభజన రేఖగా మారింది. వెస్ట్ వర్జీనియా అప్పుడూ ఇప్పుడూ పేద రాష్ట్రమే. 1988లో కూడా డెమోక్రాట్ అభ్యర్థికి ఓటు వేసిన ఆ రాష్ట్రం 2000 నుంచి రిపబ్లికన్ల కోట. 2004లో అయితే రాష్ట్రాల సగటు తెలివితేటలకూ ఓటుకూ ముడిపెట్టిన ఒక కల్పిత పట్టిక దేశమంతా తిరిగింది. పేరున్న వారపత్రిక ఒకటి దాన్ని అచ్చువేసి, తరువాత సవరణ ప్రకటించుకోవలసి వచ్చింది. మీ అంకెలు కల్పితం కావు, ఆ తేడా నాకు తెలుసు. వాటిని పంచుకునేవాళ్ల నోట మాత్రం రెండూ ఒకే పని చేస్తున్నాయి.

చదువుకున్నవాళ్ల ఓటే వివేకం అనేవాళ్లకు 1977 ఫలితాలు చూపించండి. అత్యవసర పరిస్థితి తరువాత వచ్చిన ఎన్నికలవి. పత్రికల మీద సెన్సారు, విచారణ లేని నిర్బంధాలు, బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు అన్నీ ప్రజల ముందున్నాయి. అక్షరాస్యతలో దేశంలో అట్టడుగు వరుసలో ఉన్న బీహార్‌లో 54 స్థానాలకు, ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలకు కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. దేశంలోకెల్లా చదువుకున్న కేరళలో 20కి 20 కాంగ్రెస్ నాయకత్వంలోని కూటమి గెలిచింది. కర్ణాటకలో 28కి 26 కాంగ్రెస్‌వే. మన ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41. మిగిలిన ఒక్కటి నంద్యాల, అక్కడ జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఆ ఫలితం చూసి కేరళవాళ్లకు స్వేచ్ఛ విలువ తెలియదని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? శస్త్రచికిత్సల బలవంతం, ఇళ్ల కూల్చివేతలు ఉత్తరాదిలో తీవ్రంగా జరిగాయి. దెబ్బ తిన్న చోట జనం తిరగబడ్డారు. దక్షిణాదిలో రాష్ట్ర ప్రభుత్వాల పని, భూసంస్కరణలు, స్థానిక కూటములు ఓటును నడిపాయి. అనుభవం ఎక్కడ ఎలా ఉంటే ఓటు అక్కడ అలా పడింది. బడికి వెళ్లిన సంవత్సరాలు దాన్ని చెప్పలేదు.

1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం. రాజ్యాంగం రాసినవారికి ఆ సంగతి తెలుసు. తెలిసే 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఒకే విలువ గల ఓటు ఇచ్చారు. సుకుమార్ సేన్ ఆధ్వర్యంలో ఎన్నికల సంఘం అక్షరం రానివాళ్ల కోసం పార్టీలకు గుర్తులు పెట్టి మొదటి ఎన్నికలు జరిపింది. నేను కూర్చున్న పోలింగ్ కేంద్రాల్లో వేలిముద్ర వేసి లోపలికి వెళ్లిన ముసలివాళ్లలో ఏ గుర్తు ఎవరిదో, గెలిచినవాడు చెరువు పూడిక తీయించాడో లేదో తెలియనివాళ్లు నాకు కనబడలేదు. వాళ్ల మీద మీ పటం పేరుతో పడుతున్న మాటలు నాకు నిజంగా బాధ కలిగిస్తున్నాయి. వాళ్లు మీ అమ్మమ్మలు, తాతయ్యలు కూడా.

అయితే ఈ అంకెలు ఏమీ చెప్పవా అంటే, చెబుతాయి. దాచవలసిన అవసరం లేదు. బెంగళూరు ఉత్తర, కేంద్ర, దక్షిణ లోక్‌సభ స్థానాలు 2009 నుంచి వరుసగా బీజేపీవే. ఇది మీ వాదానికి అనుకూలం. అదే నగరంలో 2023 శాసనసభ ఎన్నికల్లో హెబ్బాళ, బ్యాటరాయనపుర, బీటీఎం లేఅవుట్ కాంగ్రెస్‌కు వెళ్లాయి. ఏడాది తేడాతో అవే చదువులు, అవే జీతాలు. ఓటరు ఢిల్లీకి ఒకరిని, విధానసౌధకు మరొకరిని ఎంచుకున్నాడు. వ్యక్తులను నేరుగా అడిగే సర్వేలు మన దగ్గరా ఉన్నాయి. ఢిల్లీలోని అభివృద్ధి చెందుతున్న సమాజాల అధ్యయన కేంద్రం (సీఎస్‌డీఎస్), దాని లోక్‌నీతి విభాగం దశాబ్దాలుగా ఓటరు చదువు, వృత్తి, ఆస్తి అడిగి ఓటుతో పోల్చి చూస్తున్నాయి. నగరాల్లో, పై చదువులవారిలో బీజేపీకి మొదటి నుంచీ మొగ్గు ఎక్కువ ఉండేదని, 2014, 2019 నాటికి పేదల్లోనూ పల్లెల్లోనూ ఆ పార్టీ పెరగడంతో ఆ తేడా తగ్గిందని వాటి నుంచి తెలిసింది. అంటే సంబంధం ఉంది, కానీ అది కాలంతో కదులుతుంది. మనిషిని అడిగితే తెలిసింది అది. జిల్లా సగటును అడిగితే తెలిసేది కాదు.

ఓటింగ్ శాతం గురించి మీ అంకెలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. 2024లో మండ్యలో 81 శాతానికి పైగా ఓటు వేస్తే, బెంగళూరు దక్షిణంలో దాదాపు 53 శాతం వేశారు. జాబితాల్లో ఊరు వదిలి వెళ్లినవాళ్ల పేర్లు ఉండిపోవడం దీనికి కొంత కారణం. అంతా అదే కాదు. చదువుకున్నవాళ్ల ఓటు గురించి ఇంత చర్చ చేసే మన గ్రూపులు ఈ పటాన్ని ఎందుకు పంచుకోవో నాకు అర్థం కాదు.

అన్నింటికన్నా ముఖ్యంగా, మీరు కారణం నుంచి ఫలితానికి గీసిన బాణం గుర్తును తిప్పి చూడాలి. కలబురగి చదువు అక్కడి ఓటరును ఎలా తీర్చిదిద్దిందని అడిగే ముందు, ఇన్ని ప్రభుత్వాలు కలబురగికి ఇంత తక్కువ చదువు ఎందుకు ఇచ్చాయని అడగాలి. నిజాం పాలనలో ఉండి 1956లో ఈ రాష్ట్రంలో కలిసిన ప్రాంతమది. నంజుండప్ప కమిటీ 2002లో ఇచ్చిన నివేదికలో కర్ణాటకలోని 175 తాలూకాల్లో 114 వెనకబడినవని తేల్చింది. దాని తరువాత పదేళ్లకు, 2012లో, రాజ్యాంగ సవరణ ద్వారా 371జె అధికరణ వచ్చి ఆ జిల్లాలకు విద్యలో, ఉద్యోగాల్లో ప్రత్యేక ఏర్పాట్లు కల్పించింది. ఈ మధ్యకాలంలో అన్ని పార్టీలూ పాలించాయి. ఏ తాలూకాలో ఎన్ని హైస్కూళ్లు వచ్చాయి, ఎన్ని టీచరు పోస్టులు ఖాళీ ఉన్నాయి, ఆడపిల్లలు ఏ తరగతిలో మానేస్తున్నారు, ఇవి పటం మీదకు తెస్తే అక్షరాస్యత అంకె రాజకీయం గురించి ఎంతో చెబుతుంది. ఓటరు గురించి కాదు, పాలించినవాళ్ల గురించి.

నేను మిమ్మల్ని కోరేవి కొన్ని ఉన్నాయి. గెలిచిన పార్టీ రంగు బదులు ఓట్ల శాతాన్ని లేత, ముదురు ఛాయల్లో చూపండి. అక్షరాస్యత పక్కన 2011 అని పటం మీదే, కనబడే అక్షరాల్లో రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి కాబట్టి ఏ సరిహద్దుల లెక్కో చెప్పండి. తలసరి ఆదాయం అన్నచోట జిల్లా ఉత్పత్తి అని రాయండి. "చదువు లేని ప్రాంతాలు ఇలా ఓటు వేస్తాయి" అన్న వాక్యాన్ని తీసేసి, పాత పటం అందుకున్నవాళ్లకు కూడా ఆ సంగతి తెలియజేయండి.

చివరిది అన్నింటికన్నా తొందరగా జరగాలి. బెంగళూరు నగర పాలికల ఎన్నికల కోసం పోలింగ్ కేంద్రాల వారీగా పటాలు వేస్తున్నామని మీరు ప్రకటించారు. తుది ఫలితాల పట్టిక అయిన ఫారం 20లో ప్రతి కేంద్రం ఓట్లూ బహిరంగంగా ఉంటాయి కాబట్టి అది నిషిద్ధం కాదు. కానీ ఒక కేంద్రం పరిధిలో ఉండేది వెయ్యి మందికి అటూ ఇటూగా ఓటర్లు. కొన్నిచోట్ల ఒక మురికివాడ మొత్తం ఒకే కేంద్రం. బ్యాలెట్ పత్రాల కాలంలో వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే వీలు ఉండేది, ఏ పేట ఎవరికి వేసిందో బయటపడకూడదని. యంత్రాలు వచ్చాక ఆ రక్షణ పోయింది. అందుకే ఎన్నికల సంఘం 2008లో వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ అనే యంత్రాన్ని ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ కూడా దాన్ని సిఫారసు చేసింది. అది అమల్లోకి రాలేదు. ఇప్పుడు మీరు ఆ కేంద్రం మీద ఆదాయం, చదువు, రేపు జనగణనలో వచ్చే కులం వివరాలు కూడా పరచి, పేట పేరుతో సహా అందరి ఫోన్లలో పెడితే, ఓడిపోయిన కార్పొరేటరుకు నీళ్ల ట్యాంకరు ఎక్కడికి పంపకూడదో వెతుక్కునే శ్రమ ఉండదు. మీ పటంలో అలాంటి ఒక్కో చుక్కలో నీళ్ల కోసం బిందెలు వరుస పెట్టే ఇళ్లు రెండు మూడు వందలు ఉంటాయి. వార్డు కన్నా చిన్న స్థాయిలో ఓట్లను, ఆదాయాన్ని కలిపి చూపించవద్దు. ఇప్పటికే సిద్ధం చేసినవి ఉంటే విడుదల చేయకండి. పరిశోధనకు అవసరమైతే పేట పేర్లు, కేంద్రాల సంఖ్యలు తీసేసి వాడుకోండి. ఈ ఒక్క విషయంలో మీ నిర్ణయం ఏమిటో ఎన్నికల ప్రకటన రాకముందే అందరికీ తెలిసేలా చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచరు,
కృష్ణరాజపురం, బెంగళూరు